అద్దంలో చూసిన బోల్టు

ఆ వీధిలో సెలూన్ నడిపే ఆయన్ని అందరూ కబుర్లాయన అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఆయన కుర్చీలో కూర్చుని మెడకి గుడ్డ కట్టించుకుంటే చాలు, జుట్టు కింద పడే లోపల లోకంలో ఉన్న సంగతులన్నీ చెవిలో పోసి పంపిస్తాడు. ఎవరి అల్లుడు అలిగాడు, ఎవరి కుక్క ఎవరి గోడ దూకింది, వాన ఎందుకు రాలేదు, అన్నీ ఆయనకే తెలుసు. అలాంటి మనిషి సెలూన్ మూసేసి, నోటికి తాళం వేసుకుని, ఇంటి ముందు రేకుల షెడ్డులో కారు ఇంజన్ మీద బోర్లా పడి ఉన్నాడంటే వీధిలో వాళ్ళకి వింతగానే ఉంది. గురువారం నుంచి శనివారం దాకా ఆయన నోట్లోంచి ఊడిపడినవన్నీ బోల్టుల్ని తిట్టిన తిట్లే.

కారు ఆయనది కాదు, ఆయన భార్యది. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఈ గోలంతా అక్కడే పుట్టింది. ఆమె కారు నడపడం నేర్పుతుంది. పెళ్ళికి ముందు నుంచీ ఒక డ్రైవింగ్ స్కూల్లో పనిచేస్తోంది. నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్ళందరూ ఆ మేడం అయితేనే వస్తాం అని పట్టుబడతారు. కానీ బోర్డు మీద పేరు ఓనరుది, పొగడ్తలు ఓనరువి, ఎక్కడైనా బండికి గీత పడితే తిట్లు మాత్రం ఆమెవి. విని విని విసిగిపోయి, చివరికి తన కోసం ఒక పాత కారు కొనుక్కుంది. పక్క సీటు దగ్గర కూడా బ్రేకు, క్లచ్ పెట్టించింది. సొంతంగా నేర్పుకోవడానికి రవాణా ఆఫీసులో అనుమతి అడిగింది. చాలా నెలలు నానబెట్టి, సోమవారం పొద్దున కారు తీసుకుని రమ్మన్నారు. ఇన్‌స్పెక్టరు బండీ చూస్తాడు, ఆమె నేర్పే తీరూ చూస్తాడు. ఆ రోజు బండి ఆఫీసు గేటు దాటి లోపలికి రాకపోతే అంతా మళ్ళీ మొదటి నుంచి.

బుధవారం మధ్యాహ్నం ఏం జరిగిందో కబుర్లాయనకి ఒక్కడికే తెలుసు. మంచం పట్టిన పాత కస్టమరు ఒకాయన గడ్డం మాసిపోయి దురద పెడుతోందని కబురు పంపాడు. ఆ ఇల్లు ఊరి చివర. స్కూటరు చూస్తే టైరు పంక్చరై కూర్చుంది.

"కారు తీసుకెళ్ళు. కానీ వేడి చూపించే సూది మీద ఓ కన్నేసి ఉంచు. పాత బండి, దాని మూడ్ దానిది" అంది భార్య. పొద్దున్నే రేడియేటర్‌లో నీళ్ళు చూసి, పోసి, మూత బిగించింది ఆమే.

వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాడు. ముసలాయనకి గడ్డం గీసి, కాస్త కబుర్లు చెప్పి నవ్వించి బయల్దేరాడు. తిరిగొచ్చేటప్పుడు మండుటెండలో సూది ఎర్రగీత వైపు పాకింది. ఆపాడు. చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పితే ఆవిరి బుస్సున లేచింది. సీసాలో ఉన్న తాగే నీళ్ళు పోసి మూత పెట్టాడు. పెట్టాడు అనడమే గానీ, వేళ్ళు కాలుతుంటే సగం తిప్పి వదిలేశాడు. ఇంజన్ చల్లారే దాకా చెట్టు నీడలో కూర్చోవచ్చు. కానీ సెలూన్ దగ్గర ఇద్దరు ముగ్గురు ఎదురుచూస్తూ ఉంటారు, వాళ్ళు ఎదురుగా ఉన్న కొత్త సెలూన్‌లోకి దూరితే ఇక తిరిగి రారు. ఇంకెంత దూరం, వచ్చేశాం కదా అనుకున్నాడు. సూది మళ్ళీ ఎర్రలోకి ఎక్కింది. చూశాడు. చూసి కూడా నడిపాడు. సందు మొదట్లోకి రాగానే ఇంజన్ గజగజా వణికి, తెల్లటి పొగ కక్కి ఆగిపోయింది.

కారుని తోసుకొచ్చి షెడ్డులో పెట్టారు. చల్లారాక ఆమె బానెట్ ఎత్తి రేడియేటర్ మూత మీద చెయ్యి వేసింది. మూత వేలితో ముట్టుకుంటే ఊడొచ్చింది. ఆమె మొహంలో రంగు మారిపోయింది.

"సూది పైకి లేవలేదా?" అని అడిగింది.

"లేదే. మామూలుగానే ఉంది. ఉన్నట్టుండి పొగ వచ్చింది" అన్నాడు కబుర్లాయన. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది, అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని.

"అయితే పొద్దున మూత నేనే సరిగ్గా బిగించలేదన్నమాట" అంది ఆమె, మూతని అరచేతిలో పెట్టుకుని చూస్తూ.

అప్పుడు ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ముందు బండి బాగుచేసేద్దాం, బండి తిరిగితే ఎవరి తప్పయితే ఏంటి అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. తన నోటితో తాను మోసపోవడం ఆయనకి అదే మొదటిసారి.

బండి చూసే మెకానిక్ కబుర్లాయన కస్టమరే. చెయ్యి విరిగి సిమెంటు కట్టుతో ఇంట్లో కూర్చున్నాడు. ఇంకో గ్యారేజీ వాళ్ళు బండి వదిలేసి వెళ్ళండి, వచ్చే వారం చూస్తాం అన్నారు. వచ్చే వారానికి సోమవారం దాటిపోతుంది. మెకానిక్ ఫోన్లోనే రోగం తేల్చాడు. ఇంజన్‌కి కింద ఒళ్ళు, పైన తల లాంటి మూత ఉంటాయి. ఆ పైదాన్ని హెడ్ అంటారు. రెండింటికీ మధ్య ఉండే పల్చటి రేకు వేడికి కాలిపోయింది. హెడ్ ఊడదీసి, లేత్ షాపులో దాని అడుగు చదును చేయించి, కొత్త రేకు వేసి బిగించాలి.

"తీయడమే కష్టం. ఆ బోల్టులు తుప్పుపట్టి ఇంజన్‌తో కలిసిపోయి ఉంటాయి. నీవల్ల అవుతుందా?" అన్నాడు మెకానిక్.

"రోజూ తలలతోనే కదా నా పని" అన్నాడు కబుర్లాయన. బుధవారం సాయంత్రానికి ఇంకా జోకులు వేసే ఓపిక ఉంది ఆయనకి.

మెకానిక్ దగ్గర పనిముట్ల పెట్టె తెచ్చుకున్నాడు. గురువారం పైపులు, వైర్లు, పైన మూతలు విప్పాడు. ఏ బోల్టు ఎక్కడిదో మర్చిపోకుండా ఒక అట్టముక్కకి చిల్లులు పొడిచి, ఇంజన్ మీద ఉన్న వరసలోనే గుచ్చిపెట్టాడు. శుక్రవారం హెడ్ బోల్టులు. స్పానర్ చివర ఇనప గొట్టం తొడిగి, కాలు గోడకి తన్నిపెట్టి లాగితే ఒక్కొక్కటీ కీచుమని అరుస్తూ వదిలింది. ఒకదాని అంచులు అరిగి గుండ్రంగా అయిపోతే, బోల్టు తల మీద టోపీలా కూర్చునే సాకెట్లలో కాస్త చిన్నదాన్ని సుత్తితో దిగ్గొట్టి మరీ పీకాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. కత్తెర పట్టుకుంటే వేళ్ళు ముడుచుకోవు అనిపించింది. అత్తగారు షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని, చొక్కాలకి గుండీలు కుడుతూ ఈ తంతు అంతా చూసేది.

"అల్లుడూ, విప్పుతున్నావు బాగానే ఉంది. మళ్ళీ బిగించేటప్పుడు ఏదైనా మిగిలిపోతే నా కుట్టుపెట్టెలో మాత్రం వెయ్యకు" అంది.

శనివారం పొద్దున పొగ గొట్టాల పని పట్టాడు. హెడ్ వెనక వైపు, డ్రైవరు ముందుండే ఇనుప గోడకి మొహం పెట్టుకుని, పొగని బయటికి పంపే గొట్టాలు ఉంటాయి. అవి ఊడితేనే హెడ్ లేస్తుంది. కారు కిందకి దూరి, తల పైకెత్తి చూస్తూ, మొహం మీద తుప్పు రాలుతుంటే వాటి బోల్టులన్నీ ఒక్కొక్కటిగా తీశాడు. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఒక దిమ్మలాంటి పట్టీ వెనక నక్కి ఉంది. కింద నుంచి కనపడదు, పైనుంచి కనపడదు. చెయ్యి మాత్రం వంకరగా దూరుతుంది.

లేత్ షాపతను పొద్దున్నే ఫోన్ చేశాడు. ఆదివారమైనా కబుర్లాయన కోసం షాపు తెరుస్తాడట, కానీ హెడ్ ఈ సాయంత్రానికే తన బల్ల మీద ఉండాలి. రేపు తెస్తే సోమవారానికి అందదు.

కబుర్లాయన సెలూన్‌కి వెళ్ళి చేతి అద్దం తెచ్చాడు. జుట్టు కత్తిరించాక మెడ వెనక ఎలా వచ్చిందో చూపించే గుండ్రటి అద్దం. దాన్ని ఇంజన్‌కీ ఇనుప గోడకీ మధ్య సందులో దూర్చి, పక్కకి వాలిస్తే, ఆ బోల్టు తల చక్కగా కనిపించింది. ప్రాణం లేచొచ్చింది ఆయనకి. ఆయన బతుకంతా అద్దంలోనే గడిచింది. కుర్చీలో కూర్చున్న మనిషి మొహాన్ని ఎదురుగా చూసింది తక్కువ, అద్దంలో చూసింది ఎక్కువ. కుడి ఎడమా తారుమారవుతాయన్న సంగతి ఆయన చేతులు ఎప్పుడో మర్చిపోయాయి. అద్దంలో కనిపించిందే ఆయనకి నిజం.

సాకెట్ తగిలించాడు. అద్దంలో చూస్తూ విప్పే వైపుకి తిప్పాడు. అది ఉలకలేదు, పలకలేదు. తుప్పు వదిలించే నూనె కొట్టి కాసేపు ఆగి మళ్ళీ తిప్పాడు. గొట్టం తొడిగి తిప్పాడు. వెంట్రుకవాసి కదిలింది.

"కదిలింది!" అని కేకేశాడు. ఇంట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. అత్తగారు సూదిని బట్టలో గుచ్చి చేతులు జోడించింది. కానీ ఆ కదలిక అక్కడితో సరి. తిప్పినకొద్దీ అది ఇంకా బిర్రబిగుసుకుపోయింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "కదిలిందంటే వచ్చేసినట్టే. మరీ మొండికేస్తే వేడి పెట్టు. బలం మాత్రం వెర్రిగా వాడకు. అది విరిగిందంటే ముక్క లోపల ఉండిపోతుంది. దాన్ని తొలిచి తీయాలంటే ఇక సోమవారం మాట మర్చిపో" అన్నాడు.

ప్లంబరు దగ్గర మంట పెట్టే గ్యాసు గొట్టం అడిగి తెచ్చాడు. మిగిలిన పెట్రోలు, నూనె అన్నీ దూరంగా పెట్టి, తడిగుడ్డలు పక్కన పెట్టుకుని, బోల్టు చుట్టూ కాల్చాడు. నూనె కాలిన కంపు ఇల్లంతా నిండింది. వేడి మీద తిప్పాడు, చల్లార్చి తిప్పాడు, సుత్తితో తట్టి తట్టి తిప్పాడు. బోల్టు తల అంచులు మెల్లగా అరగడం మొదలుపెట్టాయి. తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యాహ్నం అన్నం పెడతానంటే వద్దన్నాడు. కింద నుంచి ఏమైనా దారి దొరుకుతుందేమోనని మళ్ళీ కారు కిందకి దూరాడు.

ఆయన అక్కడ ఉండగా భార్య షెడ్డు గుమ్మంలో కూర్చుని ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేసింది. పనిముట్లు అందిస్తూ చేతులు నూనె చేసుకుంది కాబట్టి, ఫోన్ మెట్టు మీద పెట్టి స్పీకరు వేసింది. ప్రతి మాటా కారు కిందకి వినిపించింది.

"సార్, సోమవారం బదులు ఇంకో రోజు ఇవ్వడానికి వీలవుతుందా? ఇంజన్ విప్పి ఉంది సార్."

"ఏమైందమ్మా?"

"నీళ్ళు పోయి వేడెక్కింది సార్."

"నడిపిందెవరు?"

"మావారు సార్. కానీ ఆయన తప్పేం లేదు. పొద్దున రేడియేటర్ మూత నేనే సరిగ్గా బిగించలేదు."

ఇన్‌స్పెక్టరు నిదానంగా అన్నాడు. "మూత బిగించడం చేతకాని మనిషి చేతిలో పెట్టి, నేర్చుకునే వాళ్ళని రోడ్డు మీదకి పంపమంటావా? సోమవారమే. వస్తే రండి, లేకపోతే లేదు."

"సరే సార్" అంది ఆమె. ఆ గొంతు కబుర్లాయన ఎప్పుడూ విన్న గొంతు కాదు.

కారు కింద వెల్లకిలా పడుకున్న మనిషికి నోటిదాకా ఒక్క మాట వచ్చింది. కాదు, అది నేను, అన్న మాట. అక్కడే ఆగింది. వీధి మొత్తానికి కబుర్లు పంచే ఆ నోరు, సొంత భార్య తన తప్పు నెత్తిన వేసుకుని ఎవరో పరాయివాడి చేత మాటలు పడుతుంటే, ఇంజన్ అడుగున నోరు మూసుకుని పడుకుంది. ఆయన మీద జాలి పడాలంటే ఇక్కడ కాదు, ఇంకెక్కడైనా వెతుక్కోవాలి. ఆయనకే తన మీద అసహ్యం వేసింది. కళ్ళు మూసుకుంటే కనురెప్పల మీద తుప్పు రాలింది.

కిందనుంచి బయటికి వచ్చి మళ్ళీ ఆ బోల్టు మీద పడ్డాడు. ఇప్పుడది బోల్టులా లేదు ఆయనకి. అది ఊడితే హెడ్ లేస్తుంది, బండి తిరుగుతుంది, సోమవారం గడుస్తుంది, ఇక ఎవరూ ఏమీ అడగరు. అది ఊడకపోతే ఆమె బతుకు ఆ ఓనరు బోర్డు కిందే, అదీ తన తప్పేననుకుంటూ. మెకానిక్ ఇచ్చిన గొట్టం చాలక, పాత ఇనప మంచం కోడు ఒకటి బోలుగా ఉంటే అది తెచ్చి తొడిగాడు. చెమట కళ్ళలో పడి అద్దం మసకబారింది. గోడల మీద ఎండ ఎర్రబడుతోంది.

"ఊడవే, నీ దుంపతెగ, ఊడవే" అని గొణుగుతున్నాడు. అది తిట్టులా లేదు, ఏడుపులా ఉంది. ఇక తాడో పేడో తేల్చుకోవాలని, ఒంట్లో ఉన్న బరువంతా ఆ కోడు మీద వేయబోయాడు.

అత్తగారు కుట్టు ఆపేసింది. "ఒసేయ్, లోపలున్నావా? మీ ఆయన ఏదో చేసుకునేట్టున్నాడు, వచ్చి చూడు" అని కూతుర్ని పిలిచింది.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అద్దం నేను పట్టుకుంటా. నువ్వు రెండు చేతులతో పట్టు" అని పక్కన వంగి, చేతి అద్దం అందుకుని సందులోకి చూసింది. చూసి, ఆయన చేతుల వంక చూసింది. మళ్ళీ అద్దంలోకి చూసింది.

"ఆగు. ఏ వైపుకి తిప్పుతున్నావు?"

"విప్పే వైపుకే. ఎడమకి. కనపడట్లేదా?"

"అద్దంలో ఎడమకి."

"అవును, అద్దంలోనే కదా చూసేది!"

"ఏమయ్యా, పొద్దుట్నుంచీ దీన్ని ఇలాగే తిప్పుతున్నావా?"

ఆయనకి అర్థం కాలేదు. ఆమె అద్దాన్ని సందులోంచి బయటికి తీసి, అట్టముక్క మీద నుంచి ఒక బోల్టు లాక్కుని, తల అద్దం వైపు ఉండేట్టు పట్టుకుని విప్పే వైపుకి తిప్పి చూపించింది. అద్దంలో అది బిగుసుకుంటున్నట్టు కనిపించింది. "కారు వెనక్కి తీయడం నేర్పేటప్పుడు రోజూ నెత్తీ నోరూ కొట్టుకుంటాను, అద్దం చూడండి కానీ అద్దాన్ని నమ్మకండి, మెడ తిప్పి చూడండి అని. నీ సెలూన్‌లో వెనక ఒక అద్దం, ముందు ఒక అద్దం ఉంటాయి కాబట్టి తప్పు తప్పూ కలిసి ఒప్పవుతుంది. ఇక్కడ ఉన్నది ఒక్కటే కదా."

కబుర్లాయన ఇంజన్‌ని ఆనుకుని అలాగే ఉండిపోయాడు. పొద్దుట్నుంచీ తన బలమంతా, మంట పెట్టి, నూనె పోసి, కాళ్ళు తన్నిపెట్టి, విప్పాల్సిన దాన్ని బిగిస్తూ వచ్చాడు. కదిలిందని కేకేసింది కూడా అది ఇంకాస్త లోపలికి దిగినందుకే.

"ఇంకో రెండు సార్లు లాగుంటే విరిగేది" అన్నాడు చివరికి.

"విరగలేదు కదా. కళ్ళు మూసుకుని తిప్పు. చేత్తో తెలుసుకో."

ఆమె చిన్న సాకెట్‌ని సుత్తితో అరిగిన తల మీదకి కొట్టింది. మళ్ళీ కాస్త వేడి పెట్టారు. ఆయన కళ్ళు మూసుకుని, కోడు పట్టుకుని, రోజంతా తిప్పిన వైపుకి కాకుండా ఇటు లాగాడు. ఏమీ జరగలేదు. మళ్ళీ లాగాడు. ఠక్కుమని చప్పుడైంది. విరిగిందేమో అనుకున్నారు ఇద్దరూ. ఆమె సందులోకి చెయ్యి పెట్టి తడిమింది. బోల్టు వేళ్ళకి తిరుగుతోంది. చేత్తోనే తిప్పి తిప్పి బయటికి తీసి అరచేతిలో పెట్టుకుంది. నల్లగా కాలి, అంచులు అరిగి ఉంది.

ఆమె నవ్వేసింది. ఈ మూడు నాలుగు రోజుల్లో నవ్వడం అదే. అట్టముక్కలో ఖాళీగా ఉన్న చిల్లులో దాన్ని గుచ్చింది. "లేత్ అతనికి ఫోన్ చెయ్యి, తెస్తున్నాం అని" అంది. తర్వాత గోడకి చేరబడి, నూనె చేతులు చూసుకుంటూ అంది. "నిజం చెప్పనా? బండి బాగైనా సోమవారం వెళ్ళొద్దనుకున్నాను. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. నిన్న స్కూల్ కారులో ఒకావిడకి నేర్పుతుంటే, బ్రేకు తొక్కాల్సిన చోట తొక్కానా లేదా అని నా కాలి వంక చూసుకున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా చూసుకోలేదు. ఒక మూత బిగించలేని దాన్ని ఇంకొకళ్ళకి ఏం నేర్పుతానులే అనిపించింది."

బోల్టు ఊడింది. బండి తిరుగుతుంది. ఆయన కోరుకున్నదంతా జరిగింది. ఇక నోరు విప్పక్కర్లేదు. కబుర్లాయన నోరు విప్పాడు.

"మూత నువ్వు బాగానే బిగించావు."

ఆమె తలెత్తింది.

"దారిలో వేడెక్కితే నేనే విప్పాను. నీళ్ళు పోసి సగమే తిప్పాను. సూది ఎర్రలోకి వెళ్ళింది, చూశాను. చూసి కూడా నడుపుకుంటూ వచ్చాను. సెలూన్‌కి టైమైందని." ఆయన ఇంకా ఏదో చెప్పబోయి ఆగాడు. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు. జీవితంలో ఆయన చెప్పిన అతి చిన్న కథ అదే.

గుమ్మంలో అత్తగారి సూది ఆగిపోయింది.

"మధ్యాహ్నం నేను ఫోన్ మాట్లాడుతున్నప్పుడు కారు కిందే ఉన్నావు కదా" అంది.

"ఉన్నాను."

"విన్నావా?"

"విన్నాను."

కొట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. ఆమె లేచి, మెట్టు మీద నుంచి ఫోన్ తెచ్చి, ఒక నెంబరు నొక్కి ఆయన చేతిలో పెట్టింది. ఇన్‌స్పెక్టరు పలికాడు. కబుర్లాయన నిలబడి, చదువు అప్పజెప్పే పిల్లాడిలా చెప్పాడు, మూత విప్పింది తానేనని, సూది చూసి కూడా నడిపింది తానేనని, ఆవిడ తప్పు ఏమీ లేదని. అవతలి మనిషికి విసుగొచ్చింది. "ఇవన్నీ నాకెందుకయ్యా? సోమవారం బండి తీసుకుని రమ్మను" అని పెట్టేశాడు. తను మధ్యాహ్నం అన్న మాట ఆయనకి అప్పటికే గుర్తులేదు.

"ఇప్పుడు మా ఓనరుకి" అంది ఆమె.

"ఓనరుకి కూడానా?"

"ఆయనకి కూడా నేనే చెప్పాను, నా తప్పేనని. నిన్న నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళకీ చెప్పాను."

ఆయన అందరికీ ఫోన్ చేశాడు. చెప్పిందే చెప్పాడు. ఒక్కరికి కూడా మాటలు చేర్చి చెప్పలేదు. అత్తగారు మాత్రం తనకి చెప్పక్కర్లేదంది. "నాకు వినపడింది అల్లుడూ. హెడ్డు ఎత్తండి ముందు, షాపు మూసేస్తాడు" అని మళ్ళీ సూది అందుకుంది.

చెరో వైపూ పట్టుకుని హెడ్ ఎత్తారు. బరువుగా ఉంది. ఆటోలో పెట్టుకుని లేత్ షాపుకి వెళ్ళారు. ఆదివారం చదును చేయించి, కొత్త రేకు వేసి, ఇద్దరూ కలిసి బిగించారు. ఏ బోల్టు ఏ వైపుకి తిప్పాలో ప్రతిదానికీ ఆయన ఆమె మొహం వంక చూశాడు. ఆమె తలూపాకే తిప్పాడు.

సోమవారం పొద్దున ఇంజన్ మొదటిసారికే అందుకుంది. కబుర్లాయన బానెట్ కింద చివరిసారిగా అన్నీ చూసి, రేడియేటర్ మూత ఆఖరి దాకా బిగించి, బిగుసుకుందో లేదో లాగి చూసి, పక్కకి జరిగాడు. ఆమె వచ్చి, ఏమీ అనకుండా ఆ మూత విప్పింది. లోపల నీళ్ళు చూసింది. తన చేత్తో మళ్ళీ బిగించి, బానెట్ దించి, కారెక్కి వెళ్ళింది.

అనుమతి వచ్చింది. ఇప్పుడు ఆ ఇంటి గోడ మీద ఆమె పేరుతో బోర్డు ఉంది. వీధిలో ఆడవాళ్ళు సగం మంది ఆమె దగ్గరే నేర్చుకున్నారు. కబుర్లాయన సెలూన్‌లో మళ్ళీ కబుర్లు మొదలయ్యాయి, పాత మాటల వరద మళ్ళీ పారుతోంది. కారు ఆయన ఎప్పుడైనా తీసుకెళ్ళి తెస్తే, మర్నాడు పొద్దున బయల్దేరే ముందు ఆమె బానెట్ ఎత్తి, ఆయన బిగించిన మూత విప్పి, తను మళ్ళీ బిగిస్తుంది. ఆయన పక్కనే నిలబడి చూస్తాడు. ఆ కాసేపు మాత్రం ఆయన నోట మాట రాదు.